కుంటి రాకుమారుని కథ వ్రాసిన ఆవిడ

(ఉగాది సాహిత్య గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)



సాహిత్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను పట్టుకున్నారు. నేను మెట్రిక్యులేషనుతో చదువు ఆపినవాణ్ణి. రైల్వేలో టిక్కెట్లు, పార్సెళ్ళు, రాయితీ కాగితాలు చూసుకునే గుమాస్తాను. పోతన మీదనో, శ్రీనాథుని మీదనో మాట్లాడగల పండితులు ఈ సభలోనే ఉన్నారు గనుక ఆ జోలికి నేను పోను. ఇంగ్లండు దేశపు నవలా రచయిత్రి ఒకావిడను గురించి చెబుతాను. ఆవిడ పోయి నూట ముప్పై యేళ్ళు దాటింది. పేరు డైనా మరియా మ్యూలాక్. పెళ్ళయిన తర్వాత క్రెయిక్ అన్న ఇంటిపేరు వచ్చింది. ఎక్కడి ఆవిడ, ఎక్కడి మనం అంటారేమో. ఆవిడ నాకు ఎట్లా తగిలిందో ముందు చెబితే గాని తక్కినది మీకు రుచించదు.

మా పిల్లవాణ్ణి మీలో చాలామంది ఎరుగుదురు. తొమ్మిదేళ్ళు. పుట్టుకతోనే ఎడమ కాలు సరిగా లేదు. రెండు ఆపరేషన్లు అయినవి. బూటుకు ఇనుప పట్టీలు బిగించుకుని ఇంట్లో తిరుగుతాడు గాని మెట్లు ఎక్కలేడు, దూరం నడవలేడు. రాత్రిళ్ళు మా అమ్మ వాడికి కథలు చెబుతుంది. పలాస వైపు నుంచి ఈ ఒడియా దేశానికి వచ్చేటప్పుడు ఆమె తెచ్చుకున్న ఆస్తి ఆ కథలే. వాటిలో గుడ్డివాడికి చివర చూపు వస్తుంది, కుంటివాడు లేచి పరుగెత్తుతాడు, కప్ప రాకుమారుడవుతుంది. ఒక రాత్రి మావాడు, "ఈ కథలో కూడా చివరికి కాలు బాగయిపోతుందా, నాయనమ్మా?" అని అడిగాడు. అడిగి, జవాబు కోసం ఆగకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. మా అమ్మ ఆ కథ ముగించలేదు. నేను వరండాలో కూర్చుని ఇదంతా విన్నాను.

అటు తర్వాత కొన్నాళ్ళకు పాత పుస్తకాల గుట్టలో ఒక బొమ్మల పుస్తకం చేతికి వచ్చింది. అట్ట సగం ఊడింది. పేరు "ది లిటిల్ లేమ్ ప్రిన్స్". 'లేమ్' అంటే కుంటి అని నాకు తెలుసు, నా కౌంటరు ముందుకు వచ్చే కాగితాల పుణ్యమా అని. ఇరవై రూపాయలిచ్చి తెచ్చుకున్నాను. నిఘంటువు పక్కన పెట్టుకుని మూడు వారాలు చదివాను. ఆ తర్వాత ఆవిడ వ్రాసిన తక్కిన పుస్తకాలు వెదికాను. హక్కులు ఎప్పుడో తీరిపోయినవి గనుక అన్నీ ఫోనులోనే ఊరకే దొరుకుతున్నవి. డ్యూటీ దిగిన తర్వాతే చదివానని పెద్దలు గమనించగోరతాను.

డైనా మ్యూలాక్ 1826 వ సంవత్సరం ఏప్రిలులో ఇంగ్లండులోని స్టోక్ ఆన్ ట్రెంట్‌లో పుట్టింది. తండ్రి మతబోధకుడు. మాటకారి, నిలకడ లేని మనిషి. 1845 లో తల్లి పోయింది. తండ్రి పిల్లలను గాలికి వదిలేశాడు. అప్పటికి ఆవిడకు పంతొమ్మిదేళ్ళు, తమ్ముళ్ళు ఇద్దరు. లండను చేరి కలం పట్టింది. పొట్టచేత బట్టుకుని ఊరుగాని ఊరు వచ్చినవాళ్ళ కష్టం మనకు ఒకరు చెప్పనక్కరలేదు. పెద్ద తమ్ముడు 1847 లో ప్రమాదంలో పోయాడు. రెండోవాడు మతి చలించి 1863 లో పోయాడు. ఈ బాధల నడుమ ఆవిడ యేడాదికొక పుస్తకం చొప్పున వ్రాసుకుపోయింది. మొదటి నవల 1849 లో వచ్చింది.

రెండో నవల "ఆలివ్", 1850 లో వచ్చింది. అందులో కథానాయిక వెన్నెముక కొంచెం వంకరగా పుట్టిన పిల్ల. నాయిక అంటే చంద్రబింబం వంటి ముఖం, లతవంటి నడుము ఉండి తీరాలని నమ్మే రోజులవి. అక్కడా అంతే, ఇక్కడా అంతే. గూని వెన్ను అన్నది మంథరకే గాని సీతకు ఉండదు గదా. అందమైన తల్లి ఆ పిల్లను చూసి ముఖం తిప్పుకుంటుంది. పెరిగి పెద్దదయి నాట్యోత్సవానికి వెళ్ళిన రాత్రి, తనను లోకం ఏమనుకుంటున్నదో ఆలివ్‌కు స్నేహితురాలి మాటలవలన తెలుస్తుంది. ఇల్లంతా వెలుగు, వాద్యాలు, మధ్యలో ఆ మాట. ఆ ఘట్టం నేను రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేకపోయాను. ఆలివ్ చిత్రలేఖనం నేర్చుకుని, బొమ్మలు అమ్మి, తండ్రి చేసిన అప్పు తీరుస్తుంది. చివరకు పెళ్ళి కూడా జరుగుతుంది. అయితే రచయిత్రి ఇంకా చిన్నది, ఇరవై నాలుగేళ్ళు. ఆలివ్ ఓర్పును మరీ ఎక్కువ పొగుడుతుంది. వంకర వెన్ను ఉన్నది గనుక దేవతలాగా ఉండి తీరాలన్నట్టు వ్రాస్తుంది. అవిటిపిల్లకు అలిగే హక్కు లేదా అని నాకు కోపం వచ్చింది. మావాడికి అలక బాగా వచ్చు.

1856 లో వచ్చిన "జాన్ హాలిఫాక్స్, జెంటిల్మన్" ఆవిడకు పేరు తెచ్చిన నవల. అనాథ కుర్రవాడు తన నిజాయితీతో పెద్దమనిషి కావటం అందులో కథ. అందరూ ఆ జాన్‌ను గురించే మాట్లాడుతారు. నాకు నచ్చినవాడు కథ చెప్పే ఫినియాస్. తోళ్ళు పదునుచేసే వ్యాపారి కొడుకు, పుట్టురోగి, నడవలేని రోజుల్లో చేతిబండిలో కూర్చోబెట్టి తోయవలసిన మనిషి. కథంతా వాడి కళ్ళతోనే మనం చూస్తాం. బండిలో కూర్చున్నవాణ్ణి జాలిపడి చూడటం ఒకటి, వాడి పక్కన కూర్చుని వాడు చూపించిన లోకాన్ని చూడటం మరొకటి. ఆ పుస్తకంలోనే మ్యూరియల్ అనే గుడ్డిపిల్ల ఉన్నది. ఆ పిల్లను మాత్రం రచయిత్రి చిన్నతనంలోనే చంపేసింది. పాతకాలపు నవలలలో జబ్బుపిల్లలకు ఆయుష్షు తక్కువ. ఈవిడా ఆ దోషానికి బయట లేదు.

గుడ్డిపిల్లల సంగతి ఆవిడకు పుస్తకాల వలన తెలిసింది కాదు. ఆవిడ క్రైస్తవ ఆచారం ప్రకారం ధర్మపుత్రుడుగా స్వీకరించిన ఫిలిప్ బోర్క్ మార్‌స్టన్ పసితనంలోనే చూపు పోగొట్టుకున్నాడు. అతడు పెరిగి కవి అయినాడు. అతడి పసితనంలో ఆవిడ అతణ్ణి రాజా అని పిలుస్తూ ఒక పద్యం వ్రాసింది. నడవలేని రాజు కథకు విత్తనం ఆ పిలుపులోనే పడిందేమోనని నా ఊహ. ఊహేనండి, రుజువు అడగవద్దు.

ఇక్కడ మా రైల్వేవాళ్ళ ప్రసక్తి వస్తుంది. జార్జ్ లిల్లీ క్రెయిక్ అనే ఆయన రైలు ప్రమాదంలో ఒక కాలు పోగొట్టుకున్నాడు. ఆవిడకంటె పదేళ్ళకు పైబడి చిన్నవాడు. 1865 లో ఆవిడ ఆయనను పెళ్ళాడింది. అప్పటికి ఆవిడకు ముప్పై తొమ్మిదో యేడు. ఆయన తర్వాత మాక్మిలన్ ప్రచురణ సంస్థలో భాగస్వామిగా ఉండి పెద్ద ఉద్యోగమే చేశాడు. 1869 లో దారిపక్కన ఎవరో వదిలివేసిన పసిపిల్లను ఈ దంపతులు తెచ్చి డొరొతీ అని పేరు పెట్టి పెంచుకున్నారు. ఆవిడకు 1864 లో సర్కారువారు యేటా అరవై పౌండ్ల పింఛను ఇస్తే, ఆ సొమ్మును తనకంటె లేమిలో ఉన్న రచయితలకోసం విడిగా పెట్టింది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, అవిటితనాన్ని ఆవిడ దూరం నుంచి చూసి కన్నీరు కార్చి వెళ్ళిపోయిన మనిషి కాదు. ఆ ఇంట్లో రోజూ పొద్దున్నే ఒక మనిషి ఒంటికాలితో లేచేవాడు.

పెళ్ళయిన మరుసటి యేడే "ఎ నోబుల్ లైఫ్" వచ్చింది. స్కాట్లండులో కెయిర్న్‌ఫోర్త్ అనే జమీందారు కథ. చేతులు, కాళ్ళు సరిగా ఎదగని మనిషి. సేవకుడు మాల్కమ్ ఎత్తుకుని తిప్పుతాడు. అయినా జమీ లెక్కలు, కౌలుదార్ల తగవులు, అన్నీ తానే చూస్తాడు. గురువుగారి కూతురు హెలెన్ అంటే ఆయనకు ప్రాణం. ఆమె మరొక పనికిమాలినవాణ్ణి పెళ్ళాడి కష్టాలపాలయితే, ఆమె కొడుకును తన వారసుణ్ణి చేసుకుంటాడు. ఈ నవల మన పెద్దలకు నచ్చుతుంది. నాకు ఒక లోటు కనిపించింది. జమీందారుకు పెళ్ళి చేసే ధైర్యం రచయిత్రికి లేకపోయింది. స్వయంగా ఒంటికాలి మనిషిని పెళ్ళాడిన ఆవిడకే లేకపోతే ఇక ఎవరికి ఉంటుంది?

ఇక పిల్లల కథల మాట. 1863 లో ఆవిడ "ది ఫెయిరీ బుక్" అని పాత కథల సంపుటం ఒకటి తయారుచేసింది. ఫ్రెంచి పెరో కథలు, జర్మను గ్రిమ్ సోదరుల కథలు, ఇంకా కొన్ని. ఇటువంటి కథలు వరసగా చదివితే ఒక సంగతి తెలుస్తుంది. ఒళ్ళు వంకర అన్నది వాటిలో ఊరికే రాదు. అయితే శాపంగా వస్తుంది, కాకపోతే శిక్షగా వస్తుంది. శాపమయితే చివర పోతుంది. శిక్షయితే చెడ్డవాడికి మిగిలిపోతుంది. గ్రిమ్ సోదరుల సిండ్రెల్లా కథ మొదట 1812 లో అచ్చయినప్పుడు సవతి అక్కల కళ్ళు బాగానే ఉన్నవి. 1819 నాటి కూర్పులో పావురాలు వచ్చి వాళ్ళ కళ్ళు పొడిచినవి. నీతి బాగా ఎక్కాలని గుడ్డితనాన్ని తెచ్చి కలిపారన్నమాట!

ఆవిడ సంపుటంలో రికే అనే కురూపి రాకుమారుడి కథ ఉన్నది. పెరో 1697 లో వ్రాసినది. గూని, కుంటి, కాని మహా తెలివైనవాడు. అందమైన రాకుమారి అతణ్ణి ప్రేమించగానే సుందరుడయిపోతాడు. చివర పెరో కొంటెగా ఒక మాట కలిపాడు: ఇది మంత్రమేమీ కాదు, ప్రేమ పుట్టిన తర్వాత ఆ గూనిలో ఠీవి, ఆ కుంటినడకలో సొగసు ఆమెకు కనబడినవి, అంతే అని కొందరంటారట. మారింది కాలు కాదు, చూసే కన్ను. ఈ సంపుటం కూర్చిన పన్నెండేళ్ళకు ఆవిడ తన సొంత కథ అచ్చువేసింది. 1875 లో. అదే నా ఇరవై రూపాయల పుస్తకం.

కథ చెబుతాను. నోమన్స్‌లాండ్ అనే రాజ్యం. ఎవరికీ చెందని దేశం అని అర్థం. రాజుకు కొడుకు పుట్టాడు. నామకరణం నాడు బిడ్డను ఎత్తుకున్న సొగసుకత్తె తన జీరాడే అంగీ సర్దుకోవటంలో బిడ్డను చలువరాతి మెట్ల దగ్గర జారవిడిచింది. ఎవరికీ తెలియకుండా కప్పిపుచ్చారు. అదే రోజు తల్లి పోయింది. బిడ్డ పేరు డోలర్. ఎదుగుతున్నాడు గాని కాళ్ళు లేవవు. కొన్నాళ్ళకు తండ్రి పోయాడు. పినతండ్రి, నడవలేని పిల్లవాడు రాజెట్లా అవుతాడని రాజ్యం తాను తీసుకున్నాడు. ధృతరాష్ట్రుడి సంగతి గుర్తు వస్తున్నదా? చూపు లేదని పెద్దవాణ్ణి తోసి తమ్ముణ్ణి సింహాసనం ఎక్కించిన కథ మనకు కొత్త కాదు.

పినతండ్రి పిల్లవాడు చనిపోయాడని చాటించి, ఉత్తుత్తి అంత్యక్రియలు కూడా జరిపించాడు. నిజానికి వాణ్ణి చెట్టూ చేమా లేని మైదానం నడుమ ఒక బురుజులో పెట్టించాడు. నూరడుగుల ఎత్తు. కింద తలుపు లేదు, మెట్లు లేవు, పైన మాత్రం గదులు. తోడుగా ఉరిశిక్ష పడిన ఒక ఆడమనిషి. పిల్లవాడు బ్రతికి ఉన్నంతకాలం ఆమె బ్రతికి ఉంటుంది, అదీ ఒప్పందం. నెలకొకసారి చెవిటి మూగ రౌతు ఒకడు నిచ్చెన తెచ్చి సామాను చేరవేస్తాడు.

అక్కడికి బూడిదరంగు బట్టల ముసలమ్మ ఒకతె వస్తుంది. నామకరణం నాడు తల్లివరస అయిన దేవత. ఇక్కడ నేను పుస్తకం మూసి కొంచెంసేపు ఊరుకున్నాను. ఇప్పుడు మంత్రదండం తీస్తుంది, కాళ్ళు వచ్చేస్తవి, మావాడికి ఏం చెప్పాలి అనుకున్నాను. మళ్ళీ తెరిచి చదివితే ఆ ముసలమ్మ, నీ రాత నేను మార్చలేను, దాన్ని మొయ్యటంలో సాయం మాత్రం చేయగలను అన్న అర్థం వచ్చే మాటలు చెప్పింది. అంతే. కాళ్ళు ఇవ్వలేదు. ఒక పాత గుడ్డముక్కవంటి దుప్పటి ఇచ్చింది. ముడులు విప్పితే అది పెద్దదవుతుంది, పిల్లవాడు దానిమీద కూర్చుంటే పైకప్పు కిటికీలోంచి ఎగిరిపోతుంది. దూరం చూడటానికి బంగారు కళ్ళజోడు, దూరపు చప్పుళ్ళు వినటానికి వెండి చెవులు కూడా ఇచ్చింది.

డోలర్ ఆకాశంలోంచి తనంత కుర్రవాడు ఒకడు కుక్కతో పరుగెత్తటం చూస్తాడు. మొదట సంబరపడతాడు. తర్వాత మనసు విరిగిపోతుంది. ఆలివ్‌కు ఇవ్వని అలకను రచయిత్రి ఇరవై అయిదేళ్ళ తర్వాత ఈ పిల్లవాడికి ఇచ్చింది. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

చివరకు ఆ ఖైదీ ఆడమనిషే పలకమీద వ్రాసి వాడికి నిజం తెలియజేస్తుంది, నువ్వు రాజువని. నోటితో చెప్పరాదని ఆజ్ఞ ఉన్నది, వ్రాయరాదని లేదు! మన ఆఫీసు రూళ్ళు చదివినవాళ్ళకు ఈ కిటుకు బాగా తెలుసు. పినతండ్రి చనిపోయి రాజ్యం అల్లకల్లోలమయినప్పుడు ఆమె తన ప్రాణానికి తెగించి రౌతు వెంట వెళ్ళి, పిల్లవాడు బ్రతికే ఉన్నాడని లోకానికి చెబుతుంది. ప్రజలు వచ్చి వాణ్ణి తీసుకుపోతారు. డోలర్ చాలాకాలం రాజ్యం చేశాడు. పినతండ్రి కుటుంబాన్ని దయగా చూశాడు, ఆ వంశంలోవాణ్ణే వారసుణ్ణి చేశాడు. చివరకు అందరూ చూస్తుండగా ఆ దుప్పటిమీద ఎగిరి వెళ్ళిపోయాడు. కాళ్ళు మాత్రం రాలేదు. ఎవరో ఒకరు ఎత్తుకుని తీసుకుపోతుండేవారు, జనం అలవాటు పడ్డారు.

ఈ కథకు దోషం పట్టేవాళ్ళున్నారు. వాళ్ళ మాటలో నిజమున్నది. డోలర్ కూడా పెళ్ళి లేకుండానే పోయాడు. పైగా ఎగిరే దుప్పటి ఉంటే ఇక మెట్ల గొడవ లేదు, లోకానికి ఏ ఖర్చూ లేదు. మంచి మాటే. కాని నేను రెండోసారి చదివినప్పుడు బురుజు దగ్గర ఆగిపోయాను. తలుపు లేని బురుజు దానంతట అది మొలవదు. పినతండ్రి కూలీలను పెట్టి కట్టించాడు. పిల్లవాణ్ణి లోపల బంధించింది కాళ్ళు కాదు, తాపీపని. ఆవిడ ఈ ముక్క ఇంత పచ్చిగా వ్రాయలేదు. కాని నూరడుగుల గోడను కట్టి మన కళ్ళముందు నిలబెట్టి పోయింది.

మావాడిని చేర్చిన ఒక బడిలో నాలుగో తరగతి మేడమీద పెట్టారు. కింద గదులున్నవి. అవి సామానుకు కావాలన్నారు. ఇంటిదగ్గరే చదివించుకోమని సలహా ఇచ్చారు. మర్యాదగానే ఇచ్చారు, కుర్చీ వేసి. యేడాదిపాటు నేనో, మా ఇంటావిడో పొద్దున మోసుకెళ్ళి సాయంత్రం దింపాము. నా షిఫ్టు తిరగబడిన రోజున వాడు బడి మానేవాడు. మాల్కమ్ అనే సేవకుడి కష్టం నాకు ఆ మెట్లమీద బాగా బోధపడింది.

నా కౌంటరు దగ్గర ఒక కాగితం చూస్తుంటాను. నడవలేనివారికి రెండో తరగతిలో టిక్కెట్టు మీద నూటికి 75 రాయితీ. తోడు వచ్చేవారికీ అంతే. అయితే తోడు లేనిదే ప్రయాణం చేయలేరని డాక్టరు ధ్రువీకరించాలి. ఆ వాక్యం మీద వేలకొద్దీ ముద్రలు చూశాను. ప్లాట్‌ఫారానికి వాలుదారి, పెట్టెకు సరిసమానంగా గడప ఉంటే వారిలో ఎందరు ఒంటరిగా పోగలరో అన్న ప్రశ్న ఆ పుస్తకం చదివేవరకు నాకు తట్టలేదు. పన్నెండేళ్ళ సర్వీసు.

ఈ ప్రశ్ననే ఇప్పుడు కెనడా దేశంలో అమాండా లెడక్ అనే నవలారచయిత్రి గట్టిగా అడుగుతున్నది. ఆవిడకు పుట్టుకతో సెరిబ్రల్ పాల్సీ. నడకలో తేడా ఉన్నది. 2020 లో "డిస్‌ఫిగర్డ్" అన్న పుస్తకంలో పాత కథలన్నీ తిరగేసి, ఈ కథల్లో ఎప్పుడూ మనిషి ఒళ్ళే ఎందుకు మారాలి, చుట్టూ ఉన్న లోకం ఎందుకు మారకూడదు అని వాదించింది. 2021 లో "ది సెంటార్స్ వైఫ్" అని సొంత నవల కూడా తెచ్చింది. మ్యూలాక్ గారు గోడ కట్టి చూపిస్తే, ఈ అమ్మాయి గునపం పట్టుకుని వచ్చింది.

కుంటి, గుడ్డి అన్న మాటలు ఇన్నిసార్లు వాడినందుకు ఎవరికయినా నొప్పి కలిగితే మన్నించండి. దివ్యాంగులు అన్న మాట ఇప్పుడు వాడుకలో ఉన్నది. మావాణ్ణి ఏ మాట కావాలిరా అని అడిగితే, పేరు పెట్టి పిలవమన్నాడు.

మ్యూలాక్ గారు 1887 అక్టోబరులో, పెంచుకున్న కూతురు డొరొతీ పెళ్ళి ఏర్పాట్లలో ఉండగా గుండె ఆగి పోయింది. ట్యూక్స్‌బరీ ఊరి చర్చిలో ఆవిడ స్మారకఫలకం ఉన్నది. "జాన్ హాలిఫాక్స్" కథ ఆ ఊరిని మనసులో పెట్టుకుని వ్రాసినదే.

కథను నేను తెలుగులో వ్రాసుకుని మా అమ్మకు ఇచ్చాను. ఆమె తన పద్ధతిలో మార్చి, పినతండ్రికి నాలుగు తిట్లు చేర్చి, వారం రోజులు మావాడికి చెప్పింది. దేవత కాళ్ళు ఇవ్వలేదన్న చోట వాడు లేచి కూర్చున్నాడు. "మరి రాజెట్లా అయ్యాడు?" అన్నాడు. "విను, చెబుతా" అన్నది మా అమ్మ. ఆ రాత్రి దీపం పదకొండింటిదాకా వెలిగింది. మర్నాడు వాడు బురుజు బొమ్మ గీశాడు. కథలో లేని తలుపు ఒకటి కింద పెట్టి, దానికి గొళ్ళెం లోపలివైపు వేశాడు.

నా చేతివ్రాత ప్రతి, ఆ ఇంగ్లీషు పుస్తకం, రెండూ మన సంఘం బీరువాలో ఉంచాను. కార్యదర్శిగారిని అడిగి తీసుకువెళ్ళవచ్చు. రెండు వారాల్లో తిరిగి ఇవ్వండి, మావాడు మళ్ళీ అడుగుతున్నాడు.